మరొకరికి చోటు

తెలుగు పిల్లలు పుస్తకం పట్టకముందే విన్న ఆకాశనౌక పుష్పకం. విశ్వకర్మ నిర్మించిన ఆ విమానం బ్రహ్మ అనుగ్రహంతో కుబేరునికి దక్కింది. కుబేరుని జయించి రావణుడు దానిని లంకకు తెచ్చుకున్నాడు. యుద్ధం ముగిసిన తరువాత సీతారామలక్ష్మణులు అందులోనే అయోధ్యకు బయలుదేరారు. సుగ్రీవుడు తన వానరులతో, విభీషణుడు తన మంత్రులతో ఎక్కారు. అయినా విమానం ఇరుకు కాలేదు. అది ఏ శక్తితో ఎగిరేదో, గడియకు ఎన్ని ఆమడలు పోయేదో ఊళ్ళలో ఎవరూ అడగరు. ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటు మిగులుతుందన్న మాట మాత్రం అందరికీ తెలుసు. కిక్కిరిసిన బస్సులో ‘ఇంకా లోపలికి జరగండి’ అని కండక్టరు కేకవేస్తే, ‘ఇదేమన్నా పుష్పక విమానమా?’ అని ప్రయాణికుడు విసుక్కుంటాడు. ఆ విసుగులో పలికేది ఈ పురాణస్మృతే.

కరవు తెలిసిన జనమే అక్షయపాత్రను ఊహించగలరు. అలాగే ఇరుకు తెలిసిన జనమే పుష్పకాన్ని ఊహించగలరు. ఒకే మిద్దె కింద మూడు తరాలు బతికిన ఇళ్ళలో, పెళ్ళిళ్ళకూ పండుగలకూ వచ్చిన చుట్టాలందరికీ చోటు చూపవలసి వచ్చిన ఇళ్ళలో, ఆ కథ వట్టి వినోదంగా కాక తీరని కోరికగా వినిపించి ఉంటుంది.

కొలిమిగుండ్లలో ఇంటర్మీడియట్ చదువుతున్న ఒక విద్యార్థి, నక్షత్రాలకు పోయే నౌక గురించి కథ రాయబూనాడని అనుకోవచ్చు. నౌకకు పేరు పెట్టడం సులభం. నాయకునికి పేరు పెట్టడం మరింత సులభం. అందులో ఎంతమంది ప్రయాణం చేస్తున్నారన్న ప్రశ్న ఎదురైనప్పుడు కలం కాస్త ఆగుతుంది. అతనికంటె ముందు ఈ ప్రశ్నకు జవాబు చెప్పిన కథకులు ఉన్నారు. 1966లో అమెరికా టెలివిజన్‌లో మొదలైన ‘స్టార్ ట్రెక్’ ధారావాహికలో ఎంటర్‌ప్రైజ్ అనే నౌక సిబ్బంది సుమారు 430 మంది. 1987లో మొదలైన తరువాతి ధారావాహికలో అదే పేరుగల పెద్ద నౌకలో భార్యాబిడ్డలతో సహా వెయ్యిమందికి పైగా నివసిస్తారు. అధికారులకు విడివిడి గదులు, పిల్లలకు బడి, అందరూ కలిసి కూర్చునే విశ్రాంతి మందిరం అందులో ఉన్నాయి. కాగితం మీద అంకె వేయడానికి ఖర్చు లేదు. కానీ ఆ అంకె వేసిన మరుక్షణం నౌకకు ఒక కొలత ఏర్పడుతుంది. వారంతా ఎక్కడ పడుకుంటారు? ఏ గాలి పీలుస్తారు? కోపం వచ్చినప్పుడు ఎక్కడికి పోతారు? ఈ మూడు ప్రశ్నలకు జవాబు లేని నౌక కథలోనైనా ఎంతో దూరం పోలేదు.

ఆ విద్యార్థికి ఈ ప్రశ్నలను ఆలోచించడానికి ఊరికి దగ్గరలోనే ఒక చోటు ఉంది. అది కొలిమిగుండ్ల మండలంలోని బెలూం గుహ. అక్కడ కొండ కనబడదు. చదునైన చేలలో నేల ఒక్కచోట బావివలె దిగబడి ఉంటుంది. ఆ గోతిలోనుండి లోపలికి పోవాలి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భశాస్త్రవేత్త ఈ గుహను గురించి రాశాడు. దాదాపు నూరేళ్ళ తరువాత, 1982 నుండి 1984 వరకు, జర్మనీకి చెందిన డేనియల్ గెబౌర్ బృందం లోపలి దారులను కొలిచింది. ఆ దారుల మొత్తం పొడవు 3,229 మీటర్లు. 2002లో దీనిని సందర్శకులకు తెరిచారు. అన్నిటికంటె లోతున, సుమారు 46 మీటర్ల కింద, పాతాళగంగ అనే సన్నని నీటిధార ఉంది. ఒకచోట విశాలమైన మండపం, మరొకచోట తలవంచి నడవవలసిన సందు. ధ్యానమందిరమని పిలిచే చోట పడకనూ తలగడనూ పోలిన రాయిని చూపి, పూర్వం మునులు ఇక్కడ విశ్రమించేవారని స్థానికులు చెబుతారు.

గుహకూ నక్షత్రనౌకకూ పోలిక ఏమిటని ఎవరైనా అడగవచ్చు. లోపల దీపాలు ఆర్పివేస్తే జవాబు దొరుకుతుంది. పగలు లేదు, రాత్రి లేదు, కిటికీ లేదు. గాలి ఉక్కగా నిలిచి ఉంటుంది. తోడు వచ్చినవారు తప్ప వేరే మనిషి లేడు. ఈ పోలికను శాస్త్రజ్ఞులు ఎన్నడో గుర్తించారు. 1962లో మిషెల్ సిఫ్ర్ అనే ఫ్రెంచి యువకుడు గడియారం లేకుండా ఒక గుహలో రెండు నెలలు ఒంటరిగా గడిపాడు. బయటికి వచ్చేనాటికి అతని లెక్కలో మూడు వారాలకు పైగా రోజులు తప్పిపోయాయి. ఐరోపా అంతరిక్ష సంస్థ 2011 నుండి వివిధ దేశాల వ్యోమగాములను ఐదారుగురి జట్లుగా ఇటలీలోని సార్డీనియా ద్వీపపు గుహలలోకి పంపి శిక్షణ ఇచ్చింది. దాదాపు వారం పాటు వారు భూగర్భంలోనే తిని, అక్కడే పడుకొని, కొత్త దారులను కొలిచి పటాలు గీయాలి. వారు నేర్చుకోవలసిన అసలు విద్య, తప్పించుకోవడానికి వీలులేని చోట ఒకరితో ఒకరు మసలుకోవడం.

నిజమైన అంతరిక్ష నౌకలలో మనిషికి దక్కిన చోటు ఎంతో తెలియాలంటే చేతికి అందే కొలత ఒకటి కావాలి. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు ఉన్న గదిని తీసుకుందాం. దాని ఘనపరిమాణం వెయ్యి ఘనపుటడుగులు, అంటే సుమారు 28 ఘనపు మీటర్లు. 1969లో అపోలో 11లో చంద్రుని దాకా వెళ్ళిన ముగ్గురూ కూర్చున్న ప్రధాన కక్ష్యలో మసలడానికి ఉన్న చోటు సుమారు 210 ఘనపుటడుగులు. పది అడుగుల గదిలో అది ఐదోవంతు. ఎనిమిది రోజుల ప్రయాణం కనుక సరిపోయింది. 1984 ఏప్రిల్ 3న బయలుదేరిన రాకేశ్ శర్మ సోవియట్ యూనియన్ వారి సాల్యూత్ 7 కేంద్రానికి చేరినప్పుడు అక్కడ మొత్తం ఆరుగురు అయ్యారు. ఆ కేంద్రపు లోపలి పరిమాణం సుమారు 90 ఘనపు మీటర్లు. తలకు అరగది.

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో 2000 నవంబరు 2 నుండి మనుషులు ఎడతెగకుండా నివసిస్తున్నారు. అందులో మసలడానికి వీలైన చోటు 388 ఘనపు మీటర్లు. సాధారణంగా ఏడుగురు ఉంటారు గనుక ఒక్కొక్కరికి రెండు గదుల చోటు దక్కినట్లు లెక్క. హైదరాబాదు నుండి అమెరికాకు వెళ్ళిన తండ్రికి పుట్టిన రాజా చారి 2021 నవంబరు నుండి 2022 మే వరకు ముగ్గురు సహచరులతో కలిసి సాగించిన 177 రోజుల అంతరిక్ష యాత్రలో ఎక్కువ కాలం ఇక్కడే గడిచింది. 2025లో శుభాంశు శుక్లా మరో ముగ్గురితో అక్కడికి చేరినప్పుడు కేంద్రంలో పదకొండుమంది అయ్యారు. 2009లో ఒకసారి పదముగ్గురు కూడా కలిసి ఉన్నారు. పండుగనాటి ఇంటివలె ఎవరికి ఎక్కడ వీలైతే అక్కడ పడక కట్టుకున్నారు. భారములేని స్థితిలో గోడకూ పైకప్పుకూ నేలకూ భేదం లేదు. సంచిలో దూరి గోడకు కట్టుకుంటే అదే మంచం. శ్రీహరికోట నుండి గగనయాన్ ద్వారా ముగ్గురిని 400 కిలోమీటర్ల ఎత్తుకు మూడు రోజుల పాటు పంపాలని భారతదేశం చేస్తున్న ప్రయత్నంలో చోటు ఇంతకంటె ఎంతో తక్కువ. మూడు రోజులు కూర్చోగలిగిన చోట మూడేళ్ళు బతకలేమన్న సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

ఇంతవరకు చెప్పినది చాప లెక్క. ఎవరు ఎక్కడ పడుకుంటారన్నదే అందులోని ప్రశ్న. ఈ లెక్కలో పుష్పకం కొంతవరకు నిజమే. సర్దుకుంటే చోటు పుడుతుంది. ఇద్దరి చాపమీద ముగ్గురు పడుకోగలరు. అయితే రాయలసీమలో సంసారం చేసినవారికి రెండో లెక్క ఒకటి తెలుసు. అది బిందె లెక్క. చుట్టం వచ్చి నెల రోజులు ఉంటానంటే ఇల్లాలు చాప గురించి దిగులుపడదు. పొద్దున్నే కొళాయి దగ్గర వరుసలో పెట్టిన బిందెలను తలచుకుంటుంది. చాప పంచితే సరిపోతుంది. నీళ్ళు పంచితే తగ్గుతాయి.

నౌకలో ఈ రెండో లెక్క మరింత కఠినం. ఒక మనిషి రోజుకు సుమారు 840 గ్రాముల ప్రాణవాయువును ఉపయోగించుకొని, సుమారు కిలో బొగ్గుపులుసు వాయువును వదులుతాడు. ఏడాదికి అతనికి కావలసిన ప్రాణవాయువు మూడు వందల కిలోలు దాటుతుంది. కథలోని 430 మందికి ఒక్క రోజుకే 360 కిలోలకు పైగా కావాలి. వారు వదిలిన గాలిని శుభ్రపరచాలి. తాగే నీరు, తినే తిండి, విసర్జించే మలినం అన్నీ అదే గోడల మధ్య తిరగాలి. అంతర్జాతీయ కేంద్రంలో వ్యోమగాముల చెమటనూ, ఊపిరిలోని తేమనూ, మూత్రాన్నీ శుద్ధిచేసి తిరిగి తాగునీరుగా మారుస్తారు. 2023 నాటికి అక్కడ 98 శాతం నీటిని తిరిగి పొందగలిగారు. మిగిలిన రెండు శాతం కోసం భూమి నుండి నీరు పోవాలి. నక్షత్రాల దారిలో నీరు అందించే ఊరు లేదు.

ఈ లెక్క ఎంత సూక్ష్మమైనదో అమెరికాలోని ఆరిజోనా ఎడారిలో జరిగిన ఒక ప్రయోగం చాటింది. 1991 సెప్టెంబరు 26న నలుగురు పురుషులు, నలుగురు స్త్రీలు ‘బయోస్ఫియర్ 2’ అనే గాజుభవనంలోకి ప్రవేశించారు. విస్తీర్ణం మూడెకరాలకు కొంచెం పైన. లోపల చిన్న అడవి, చిన్న సముద్రం, పండించుకునే పొలం. రెండేళ్ళు బయటినుండి ఏమీ తీసుకోకుండా బతకాలన్నది సంకల్పం. ఎనిమిదిమందికి మూడెకరాలు! చాప లెక్క ప్రకారం అది రాజభోగం. కానీ పండిన పంట చాలక వారు బక్కచిక్కిపోయారు. 21 శాతం ఉండవలసిన ప్రాణవాయువు 1993 జనవరి నాటికి 14.5 శాతానికి పడిపోయింది. నాలుగు వేల మీటర్ల ఎత్తున్న కొండమీద ఉన్నట్లు ఆయాసపడ్డారు. చివరకు బయటినుండి ప్రాణవాయువు పంపవలసి వచ్చింది.

కారణం వెదికితే అది నేలలోనూ గోడలలోనూ దొరికింది. సారవంతంగా ఉండాలని తెచ్చి నింపిన మట్టిలోని సూక్ష్మజీవులు మనుషులకంటె ఎక్కువగా శ్వాసించి ప్రాణవాయువును ఖర్చుచేశాయి. అవి వదిలిన బొగ్గుపులుసు వాయువును మొక్కలు పూర్తిగా తీసుకొని తిరిగి ప్రాణవాయువుగా మార్చి ఉంటే లెక్క సరిపోయేది. కానీ అందులో చాలా భాగాన్ని భవనంలోని కొత్త కాంక్రీటు పీల్చుకొని కాల్షియం కార్బొనేటుగా మారింది. బెలూం గుహ గోడలలోనూ, కొలిమిగుండ్ల ఇళ్ళకు పరచిన నాపరాళ్ళలోనూ ఉన్న సున్నపురాయిలో ముఖ్యమైన పదార్థం అదే. ఎనిమిదిమంది ఊపిరి గోడలో రాయై నిలిచిపోయింది. ప్రయాణికుల జాబితాలో సూక్ష్మజీవులను, సిమెంటును ఎవరూ లెక్కవేయలేదు. నౌకలో శ్వాసించేదంతా సిబ్బందే.

ఆ గాజుభవనంలో మరొక కొరత కూడా బయటపడింది. ఎనిమిదిమంది నలుగురు నలుగురుగా చీలిపోయారు. ఒక పక్షంవారు రెండవ పక్షంవారితో పనికి అవసరమైన మాట తప్ప మాట్లాడని రోజులు వచ్చాయి. ఇది మూడో లెక్క, తలుపు లెక్క. మనిషికి పడుకోవడానికి ఆరడుగులు చాలు. కాసేపు ఎవరికీ కనబడకుండా ఉండడానికి ఒక తలుపు కావాలి. కాలేజీ హాస్టలులో ఒకే గదిలో ఎనిమిదిమంది ఉన్నప్పుడు ఒక్కొక్కరికి ఒక ట్రంకుపెట్టె, దానికి ఒక తాళం ఉంటాయి. ఆ పెట్టెలో దాచవలసినంత సొమ్ము ఎవరి దగ్గరా ఉండకపోవచ్చు. ఇంటినుండి వచ్చిన ఉత్తరం, నాలుగు అరిసెలు, ఎవరికీ చూపని నోటుపుస్తకం ఉంటాయి. తాళం విలువ సొమ్ములో లేదు. అంతర్జాతీయ కేంద్రంలో ఒక్కొక్కరికి ఇచ్చే పడకగది నిలువుగా ఉన్న బీరువా అంత. అయినా దానికి తలుపు ఉంది. అంత విలువైన చోటును తలుపుకోసం ఖర్చుచేశారంటే దాని అవసరం ఎంతటిదో తెలుస్తుంది.

2010 జూన్ 3 నుండి 2011 నవంబరు 4 వరకు మాస్కోలో ఆరుగురు పురుషులు నేలమీదనే ఒక మూసిన నౌకలో 520 రోజులు గడిపారు. అంగారక గ్రహానికి వెళ్ళిరావడానికి పట్టే కాలాన్ని అనుకరించిన ప్రయోగం అది. వారికి చోటు చాలినంత ఉంది, విడి పడకగదులు ఉన్నాయి. పెద్ద తగవులు లేకుండానే ముగించారు. అయినా కాలం గడిచేకొద్దీ వారి కదలిక తగ్గి, విశ్రాంతి పెరిగింది. కొందరి నిద్ర వేళ తప్పింది. ఆరుగురే ముఖాలు, ఆరుగురే గొంతులు. మనిషికి చోటుతో పాటు కొత్తదనం కూడా ఆహారమే.

ఈ మూడు లెక్కలనూ దాటి, నక్షత్రాల దూరం మరొక లెక్కను ముందుకు తెస్తుంది. సూర్యుని తరువాత మనకు అతి సమీపంగా ఉన్న ప్రాక్సిమా సెంటారీ 4.24 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. క్షణానికి 200 కిలోమీటర్ల వేగంతో పోయినా అక్కడికి చేరడానికి ఆరు వేల మూడు వందల ఏళ్ళు పడుతుంది. బయలుదేరినవారు చేరరు. వారి సంతతి నౌకలోనే పుట్టి, నౌకలోనే గిట్టాలి. ఫ్రెడెరిక్ మారిన్ అనే ఖగోళ శాస్త్రవేత్త తన సహచరునితో కలిసి 2018లో కంప్యూటరు సహాయంతో లెక్కవేసి, మేనరికపు దోషాలు లేకుండా ఆ వంశం నిలవాలంటే కనీసం 98 మంది బయలుదేరాలని తేల్చాడు. అయితే నౌక భరించగల సంఖ్యను మించకుండా జననాలను నియంత్రించాలి. ఎవరు ఎవరిని పెళ్ళాడవచ్చునో, ఎప్పుడు ఎందరు బిడ్డలను కనవచ్చునో నౌక చోటే నిర్ణయిస్తుంది.

కథ రాస్తున్న విద్యార్థి ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఆ నౌకలో నూరవ తరంలో పుట్టిన పిల్ల భూమిని చూడలేదు, గమ్యాన్ని చూడబోదు. వానలో తడవలేదు. కోపం వచ్చినా ఊరు విడిచిపోలేదు. ప్రయాణం చేయాలని నిర్ణయించినవారు వేరు, ప్రయాణం చేస్తున్నది ఆమె. చాప, బిందె, తలుపు మూడూ అమర్చినా ఆమెను ఎవరైనా అడిగారా అన్న ప్రశ్న మిగిలిపోతుంది. ఎంతమందికి చోటు ఉందన్న ప్రశ్న చివరకు, ఎవరి చోటును ఎవరు నిర్ణయిస్తున్నారన్న ప్రశ్నగా మారుతుంది. ఇది నౌకల సంగతి మాత్రమే కాదు. భూగర్భజలాన్ని ఎంత లోతునుండి తోడవచ్చునో, ఏ కొండను ఎంతవరకు తవ్వవచ్చునో నిర్ణయించే ప్రతి తరమూ, ఇంకా పుట్టనివారి బిందెలను లెక్కపెడుతూనే ఉంది.

వాల్మీకి రామాయణంలో పుష్పక ప్రయాణానికి సంబంధించిన ఒక చిన్న ఘట్టాన్ని చాలామంది గమనించరు. విమానం కిష్కింధ మీదుగా పోతున్నప్పుడు సీత ఒక కోరిక కోరుతుంది. తారను, తక్కిన వానరస్త్రీలను కూడా వెంటబెట్టుకొని అయోధ్యకు వెళ్ళాలన్నది ఆమె మాట. రాముడు విమానాన్ని ఆపిస్తాడు. వారంతా ఎక్కుతారు. చోటు ఉన్నదని విమానం తనంతట తాను వారిని పిలవలేదు. లోపల కూర్చున్న ఒక స్త్రీ బయట ఉన్నవారిని తలచుకొని అడిగింది. చాలాకాలం బందీగా ఉండి వచ్చిన ఆమెకు, వదలివేయబడడం ఎటువంటిదో తెలుసు.

శాస్త్రం నేర్పే లెక్క, సీత అడిగిన మాట రెండూ నౌకకు అవసరమే. లెక్క లేకుండా అందరినీ ఎక్కిస్తే గాజుభవనంలోవలె ఊపిరి ఆడదు. అడిగేవారు లేకపోతే, నౌకలో ఎంత చోటు ఉన్నా అది ఎక్కినవారికే మిగిలిపోతుంది. కనుక ఆ విద్యార్థి తన నౌకలో ముప్పైమందిని పెట్టినా, మూడు వందలమందిని పెట్టినా ఒక పని చేయాలి. ఒక్కొక్కరికి ఒక చాప, రోజుకు ఇన్ని బిందెలు, మూసుకోవడానికి ఒక తలుపు అని విడి కాగితం మీద రాసుకోవాలి. రాసిన తరువాత లెక్క సరిచూసి, దారిలో ఎవరైనా ఎదురై చేయెత్తితే ఆ కాగితంలో ఏ అంకె మార్చవలసి వస్తుందో, ఎవరు తమ వంతు నీటిని తగ్గించుకోవడానికి ముందుకు వస్తారో నిర్ణయించుకోవాలి. అతని కథ మొదలయ్యేది అక్కడే.